ఎడమ వైపు నుంచి వచ్చే బంతి

ఓడిపోయిన జిల్లా వాళ్లు గెలిచిన జిల్లా వాళ్ల వంట గంజులు తోమాలి. ఇక్కడ గల్ఫ్‌లో మామీర్ దగ్గరి కంకర మైదానంలో శుక్రవారాలు వాలీబాల్ పోటీలు మొదలైనప్పటి నుంచి ఇదే కట్టుబాటు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఆడినవాళ్లకు మినహాయింపు ఉంది, తోమాల్సింది చూడ్డానికి వచ్చిన మేమే. ఆ శుక్రవారం నా వంతుకొచ్చిన గంజులో పక్క జిల్లా వాళ్లు బగార అన్నం వండుకున్నారు. అడుగంటింది. ఇసుక, సబ్బుపొడి కలిపి మోచేతుల దాకా లోపలికి దూరి తోముతుంటే వాళ్ల అన్నం మాడు నా గోళ్లలో ఇరుక్కుంటోంది. తలలో మాత్రం ఒకటే మాట తిరుగుతోంది. మేం ఓడిపోలేదు, మమ్మల్ని ఓడించారు. అదీ మావాడే ఓడించాడు.

నేను అనుమానం మనిషిని. దాచుకోవడం ఎందుకు. మెస్సులో పప్పు పలచగా ఉంటే మిగతా పప్పు ఎటు పోయిందా అని ఆలోచిస్తాను. డ్యూటీ బస్సు ఐదు నిమిషాలు ముందొస్తే డ్రైవరుకు ఎవరితో పని పడిందా అని ఆరా తీస్తాను. "నువ్వు దుబాయిల గాదు, ఠాణల ఉండాల్సినోనివి" అంటుంది మా ఆవిడ ఫోన్‌లో. మేమున్నది బహ్రెయిన్. అయినా మా వైపు గల్ఫంతా దుబాయే. సగం తప్పు నా పనిది కూడా. నేను రిగ్గర్‌ని. క్రేన్ ఎత్తే బరువుకు బెల్టులు కట్టి, కింద నిలబడి చేతి సైగలతో ఆపరేటర్‌కు దారి చూపిస్తాను. ప్రతి బెల్టూ తెగుతుందేమో, ప్రతి కొక్కెం జారుతుందేమో అని చూడడమే నా ఉద్యోగం. పన్నెండేళ్లు అలా చూసీ చూసీ మనుషుల్ని కూడా అలాగే చూడడం అలవాటైంది.

ఆ రోజు నేను అనుమానించిన మనిషి మా జిల్లా జట్టు లిఫ్టర్. నెట్టు పక్కన నిలబడి, వెనక నుంచి మనవాళ్లు ఇచ్చిన బంతిని మెత్తగా పైకి లేపి షాట్ కొట్టేవాడికి అందించడం అతని పని. వారంలో మిగతా ఆరు రోజులు నేను సైగ చేస్తే క్రేన్ నడిపేదీ అతనే. ఇద్దరిదీ ఒకే కంపెనీ, అస్కర్‌లో ఒకే క్యాంపు. ఊరి దగ్గర కూడా ఒకే మండలం. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అని పిలుచుకుంటాం. హెల్పర్‌గా వచ్చి బస్తాలు మోసి, ఆపరేటర్లకు చాయ్‌లు అందిస్తూ పక్కన నిలబడి నేర్చుకొని, ఆఖరికి ఆ సీటెక్కాడు. ఆపరేటర్ కార్డును పర్సులో దేవుడి ఫోటో వెనక పెట్టుకుంటాడు. ఆ కార్డు చేతికొచ్చిన రోజు క్యాంపులో గదిగదికీ తిరిగి లడ్డూలు పంచాడు. నేను రెండు తిన్నాను.

ఇక ఆట సంగతి. మొదటి గేమ్ మేం గెలిచాం. మా వెనక కూర్చున్న మేస్త్రి కాక అప్పుడే గెలిచినట్టు తువ్వాలు గాల్లో తిప్పాడు. ఈ కాక మా క్యాంపులో అందరికంటే పెద్దవాడు, మ్యాచ్ ఉన్న రోజు షుగర్ మాత్ర కూడా మరిచిపోతాడు. రెండో గేమ్‌లో మొదలైంది దరిద్రం. వెనక నుంచి చక్కగా ఇచ్చిన బంతి మా లిఫ్టర్ చెవిని రాసుకుంటూ పోయింది. ఇంకొకటి అతని రెండు చేతుల మధ్య నుంచి జారి కాళ్ల దగ్గర పడింది. మరొకటి భుజానికి తగిలి బయటికి పోయింది. అదే పక్క జిల్లా వాళ్లు నెట్టు మీదుగా దొంగతనంగా పెట్టిన బంతుల్ని మాత్రం ఒక్కటీ వదలలేదు.

"ఏందిరా ఇది? వాళ్ల బంతి అందుతది, మనోళ్ల బంతి అందదా?" అని కాక లేచి అరిచాడు. పక్కనున్నవాళ్లు కాకను చొక్కా పట్టి కూర్చోబెట్టారు. మూడో గేమ్‌లో మైదానమంతా ఆ మాటే అంది. కొందరు చప్పట్లు కొట్టి వెక్కిరించారు. ఒకడైతే చెప్పు తీసి కంకర మీద కొట్టి, మళ్లీ వేసుకొని, మ్యాచ్ అయిపోకముందే బస్సెక్కి కూర్చున్నాడు. నేను అరవలేదు. నేను లెక్క చూస్తున్నాను. పోయిన బంతులన్నీ మావాళ్లు ఇచ్చినవే. అందిన బంతులన్నీ వాళ్లవే. ఇంత శ్రద్ధగా తప్పులు చేసే మనిషిని నేనెక్కడా చూడలేదు.

పైగా నా దగ్గర ఇంకొక ముక్క ఉంది. అంతకు రెండు వారాల ముందు శుక్రవారం పొద్దున సామాన్ కోసం బస్సులో వెళ్తుంటే, అవాలి వైపు రోడ్డు మీద మా లిఫ్టర్ ఒక పికప్ దిగుతూ కనిపించాడు. ఆ పికప్ పక్క జిల్లా కెప్టెన్ నడిపేది. సాయంత్రం అడిగితే "యాడికి పోలే బావా, బట్టలు పిండుకున్న" అన్నాడు. అప్పుడు ఆ అబద్ధాన్ని మడిచి దాచిపెట్టుకున్నాను. గంజు తోముతుంటే అది మళ్లీ బయటికొచ్చింది.

చేతులు కడుక్కొని, మైదానం చివర పైపుల గుట్ట మీద కూర్చొని, మా జిల్లా వాట్సాప్ గ్రూపులో నా గొంతు రికార్డు చేసి పెట్టాను. "అందరు చూసిన్రు గదా. మనోడు అమ్ముడువోయిండు. దేనికి అమ్ముడువోయిండో నాకు దెల్వది గని, వాళ్ల కెప్టెన్ బండి దిగంగ నా కండ్లార చూసిన. వాళ్ల బంతి కనవడ్తది గని మన బంతి కనవడదా? ఇగ వాడు మన జిల్లోడు గాదు." నొక్కి పంపించాక మనసు హాయిగా ఉంది. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, కానీ అప్పుడు హాయిగానే ఉంది.

క్యాంపు చేరేసరికి ఆ మాట నాకంటే ముందే చేరింది. రెండో రోజుకు తలా ఇంత ఉప్పూకారం అద్దారు. కెప్టెన్ వాళ్ల అన్న ఇంకో కంపెనీలో టైంకీపర్ అట, మావాడికి అక్కడ సీటు మాట్లాడి పెట్టాడట. కాదు, వాళ్ల జిల్లా అమ్మాయిని మావాడి తమ్ముడికి అడుగుతున్నారట. ఇంకొకడు, మ్యాచ్‌కు ముందు వాళ్ల గంజులో మటన్ ముక్క తింటుండగా చూశానని చెప్పాడు. నేను వదిలిన మాట నా దగ్గరికే తిరిగొచ్చేసరికి నేను గుర్తుపట్టలేనంత పెరిగింది. మెస్సులో అతను కూర్చున్న బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. జట్టు నుంచి తీసేశారు. కాక అయితే అతనితో నేరుగా మాట్లాడడం మానేసి, అతను వినేలా గోడకు చెప్పేవాడు. "మా కాలంల లిఫ్టర్ అంటే అన్నం పెట్టేటోని లెక్క" అని.

అతను మాత్రం ఒక్క మాట తిరిగి అనలేదు. అదే నన్ను మొదట గుచ్చింది.

మంగళవారం చాయ్ సమయంలో క్రేన్ నీడలో ఇద్దరమే ఉన్నాం. అడగకుండా ఉండలేకపోయాను.

"నిజం చెప్పు బావా. అమ్ముడువోయినవా?"

చాయ్ ఊదుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు. "పోయిన అనుకో."

"అనుకునుడేంది? ఔనా కాదా?"

"ఔను బావా. నువ్వన్నదే నిజం. ఇగ ఇడిసిపెట్టు."

నేను ఎంతోమంది దొంగల్ని చూశాను. గది నుంచి చార్జర్ మాయం చేసినవాడు కూడా తల్లి మీద, పిల్లల మీద ఒట్టు వేస్తాడు. వీడు ఏ ఒట్టూ లేకుండా, ఏ కోపమూ లేకుండా, ఇచ్చిన పేరును జేబులో వేసుకుంటున్నాడు. ఇంత సులువుగా ఒప్పుకునే మనిషి ఇంకేదో దాస్తున్నాడు. అమ్ముడుపోవడం కంటే పెద్దది ఏముంటుందా అని ఆ మధ్యాహ్నమంతా అతన్నే గమనించాను.

అప్పుడు పాత సంగతులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. రెండు నెలలుగా అతను నన్ను కుడి వైపే నిలబడమంటున్నాడు. "ఎడమ దిక్కు ఎండ అద్దం మీద కొడ్తది బావా, ఇటు నిలవడు" అనేవాడు. సరే అనుకున్నాను. కానీ ఎండ పొద్దున ఒక వైపుంటే సాయంత్రం ఇంకో వైపుంటుంది కదా. అతని కోరిక మాత్రం పొద్దునా సాయంత్రమూ కుడి వైపే ఉంది. మెస్సులో ఎడమ చేతి పక్కనున్న నీళ్ల జగ్గు తీసుకోవడానికి తలంతా తిప్పుతున్నాడు. ఇక మ్యాచ్. కుడి భుజం నెట్టుకు ఆనించి నిలబడే లిఫ్టర్‌కు మనవాళ్ల బంతి ఎటు నుంచి వస్తుంది? ఎడమ నుంచి. ఎదుటివాళ్లది? కుడి నుంచి. ఎడమ నుంచి వచ్చినవే పోయాయి. అది మైదానంలోనే తట్టాల్సింది.

మర్నాడు పైపులు దించడం అయిపోయాక కొక్కెం ఖాళీగా ఉంది. బెల్టులు విప్పుకోవడానికి కొక్కేన్ని నేలకు దించాలి. నేను కుడి వైపు నిలబడి, మెల్లగా దించమని సైగ చేశాను. అది దిగుతుండగానే క్రేన్ ముందు నుంచి చుట్టూ నడిచి క్యాబిన్‌కు ఎడమ పక్కకు వెళ్లాను. చుట్టుపక్కల మనిషి లేడని రెండుసార్లు చూసుకున్నాను. పిడికిలి బిగించి చెయ్యి పైకెత్తాను. ఆపమని దాని అర్థం. పిడికిలి కనిపిస్తే ఏ ఆపరేటరైనా మరో ఆలోచన లేకుండా ఆపేస్తాడు.

కొక్కెం ఆగలేదు.

తలెత్తున ఉన్నది ఛాతీ దాకా వచ్చింది. ఛాతీ నుంచి నడుము దాకా వచ్చింది. నేను పిడికిలి దించకుండా ఒక్కో అడుగూ ముందుకు వేస్తూ వచ్చాను. అతను అమ్ముడుపోయిన మనిషే అయితే ఎంత బాగుండు, నా అనుమానమే నిజమైతే ఎంత బాగుండు అని, ఆ నాలుగైదు అడుగుల్లో మొక్కుకున్నాను. క్యాబిన్ మూల దాటి ఇంకో అడుగు వేయగానే కొక్కెం ఒక్క కుదుపుతో ఆగింది. ఆ చోట ఇసుకలో నా బూటుతో అడ్డంగా ఒక గీత గీశాను.

అతను ఇంజన్ ఆపి దిగొచ్చాడు. గీత చూశాడు, నా పిడికిలి చూశాడు. అర్థం చేసుకోవడానికి ఇంకేమీ అక్కర్లేకపోయింది.

"ఎప్పటి సంది?" అన్నాను.

"బతుకమ్మ పండుగ సంది. మొదలు పొగ లెక్క ఉండె. ఇప్పుడు ఎడమ కన్నుకు ఏం కనవడ్తలేదు. డాక్టర్ దగ్గరికి పోతే లోపలి పొర చెడిపోయింది, ఇగ రాదన్నడు."

"ఆ పికప్..."

"డాక్టర్ కాడికే పోయిన. ఆ కెప్టెనే తోలుకపోయిండు."

"పక్క జిల్లోన్ని అడిగినవు గని నన్ను అడగవా?"

అతను నవ్వాడు. ఎక్కడో మండుతుంటే నవ్వినట్టు. "నీకు చెప్తే అదే పూట గ్రూపుల వెడ్తవు బావా. ఆయనకు మన గ్రూప్ లేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. సిగ్గును కప్పుకోవడానికి కోపం తెచ్చుకున్నాను. కోపం కూడా నిజమైనదే. ఈ రెండు నెలల్లో నా నెత్తి మీదుగా ఎన్ని పైపుల కట్టలు పోయాయి! "కింద నిలవడేది నేను బావా! నీ కన్ను మీద నా పానం పెట్టి తిరుగుతున్న. నాకన్న చెప్పద్దా?" అని అరిచాను.

"నిన్ను చూసుకుంటనే దించిన. కుడి దిక్కు నిలవెట్టుకున్న గదా." తర్వాత గొంతు తగ్గించాడు. "రెండు నెలలైతే కార్డుకు కండ్ల పరీక్ష. ఎడమ కన్ను పోయిందని తెలిసిందనుకో, ఖలాస్. క్రేన్ ఒక్కటే గాదు, హెల్పర్‌గ గూడ ఎవ్వడు ఉంచుకోడు. మిషిన్ల మధ్య ఒంటికన్నోన్ని ఏ కంపెనోడు పెట్టుకుంటడు? ఫ్లయిట్ ఎక్కించి ఇంటికి పంపిస్తరు. అందుకే నువ్వన్న మాట ఉండనిచ్చిన. అమ్ముడువోయిండంటే ఆట నుంచి తీస్తరు. కన్ను పోయిందంటే బతుకు నుంచి తీస్తరు."

నేను ఇసుకలోని గీతను బూటుతో చెరిపేశాను. చివరికి అనాల్సింది అన్నాను. రేపు నువ్వు ఆ సీటెక్కితే నేను సేఫ్టీ ఆఫీసుకు పోతా, నువ్వే దిగితే నా నోట ఈ మాట ఎప్పటికీ రాదు. అతను క్యాబిన్ వైపు చూశాడు. లోపల అద్దానికి వాళ్ల పిల్లలు పంపిన గుడ్డ చిలుక వేలాడుతోంది. సరే అన్నాడు. వెళ్లి చిలుకను విప్పి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున ఫోర్‌మన్ దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్లాం. నడుము పట్టేసింది, సీటులో కూర్చోలేకపోతున్నా అని చెప్పాడు. నేను పక్కనుండి, అవును, రాత్రంతా మూలిగాడు అని సాక్ష్యం చెప్పాను. ఫోర్‌మన్ ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. అతనికీ అనుమానం జబ్బు ఉందేమో తెలియదు. ఆఖరికి "యల్లా, స్టోర్ మే బైఠో" అన్నాడు. ఇప్పుడు మా బావ సామాన్ గదిలో బెల్టులు, గొలుసులు ఇచ్చి పుచ్చుకుంటాడు. కార్డు ఫోర్‌మన్ సొరుగులో ఉంది. దేవుడి ఫోటో వెనక ఖాళీ.

నా శిక్ష అక్కడి నుంచి మొదలైంది. గ్రూపులో నేను వేసిన నింద అలాగే ఉంది. దాన్ని తీయడానికి వీల్లేదు. తీస్తే, మరి బంతులెందుకు వదిలాడు అని అడుగుతారు. మావాళ్లకు ఆ ఒక్క ప్రశ్న చాలు, కన్ను దాకా తవ్వుకుంటూ పోతారు. క్రేన్ దిగడాన్ని కూడా నా మాటకే ముడిపెట్టారు. "పాపం పండింది, నడుముకు తలిగింది" అన్నాడు కాక గోడతో. పైగా నాకు మర్యాద పెరిగింది. "మన రిగ్గరన్న చూపే చూపు, ఎవ్వని తప్పైనా ఇట్ల పట్టేస్తడు" అని మెస్సులో నా పళ్లెంలో ఎక్కువ ముక్కలు వేశారు. ఆ ముక్కలు నాకు మింగుడు పడలేదు.

మొన్న శుక్రవారం మళ్లీ పక్క జిల్లాతోనే మ్యాచ్. కొత్త లిఫ్టర్ బాగానే ఆడుతున్నాడు. మా బావ కూడా వచ్చాడు. ఎవరూ పిలవకపోయినా వచ్చాడు. ఆట చూడకుండా ఉండలేడు. కోర్టు మొత్తం కుడి కంటికి దొరకాలంటే ఎడమ చివర కూర్చోవాలి. ఆ చివర పక్క జిల్లా వాళ్ల గంజుల దగ్గర ఉంటుంది. అక్కడే ఒక ఖాళీ డబ్బా బోర్లించుకొని ఒక్కడే కూర్చున్నాడు.

"సూడున్రి, సిగ్గు లేకుంట వాళ్ల దిక్కే కూసున్నడు" అన్నాడు నా వెనక ఒకడు. పదిమంది అటు తిరిగారు. నన్ను ఏదో ఒకటి అనమన్నట్టు చూశారు. నేను లేచాను. తిట్టడానికి పోతున్నాననుకొని ఒకరిద్దరు ఈల వేశారు. కోర్టు పక్కగా నడిచి వెళ్లి అతని ఎడమ పక్కన కంకర మీద కూర్చున్నాను. నేను వచ్చినట్టు అతనికి తెలియలేదు. నా మోచెయ్యి తగిలేదాకా ఆట వైపే చూస్తున్నాడు. తగలగానే ఉలిక్కిపడ్డాడు.

"నేనే బావా" అన్నాను.

"ఇటెందుకొచ్చినవ్? చూస్తరు."

"చూడనీ."

మావాళ్లు ఒక పాయింట్ కొట్టారు. ఇద్దరం చప్పట్లు కొట్టాం. కాసేపటికి జేబులో ఫోన్ గుర్రుమంది. గ్రూపు తెరిచాను. ఎవరో వెనక నుంచి తీసిన ఫోటో. పక్క జిల్లా గంజుల ముందు మా ఇద్దరి వీపులు. దాని కింద నా మాటే, నేనన్నట్టే రాసి ఉంది. ఇగ వీడు గూడ మన జిల్లోడు గాదు. కింద వరుసగా బొటనవేళ్లు లేస్తున్నాయి, కాకది కూడా.

"ఏం పెట్టిన్రు?" అని అడిగాడు మా బావ, కళ్లు ఆట మీద నుంచి తిప్పకుండానే.

"స్కోరు" అని చెప్పి ఫోన్ జేబులో పెట్టుకున్నాను.